ఐస్ ట్రే చప్పుడు: యుద్ధం చూసొచ్చిన అమెరికన్ రచయితల మీద చర్చ

యాంకర్: నమస్కారం. యుద్ధం చూసొచ్చిన అమెరికన్ రచయితల జీవితచరిత్రల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. స్టూడియోలో ముగ్గురున్నారు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, ఒక అనువాదకురాలు, సైన్యంలో చేసి వచ్చిన కర్నల్ గారు. మాస్టారూ, హెమింగ్వేతో మొదలుపెడదామా?

మాస్టారు: ఆయన సంగతి అందరికీ తెలిసిందే కదండీ. 1918 జులైలో ఇటలీలో, ఫొసాల్టా దగ్గర సైనికులకి చాక్లెట్లు, సిగరెట్లు పంచుతుంటే మోర్టార్ షెల్ పడింది. పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. పదకొండేళ్ళకల్లా ఆ యుద్ధం మీద నవల వచ్చేసింది. నాకు కర్ట్ వానెగట్ మీద ఎక్కువ ఆసక్తి. తను చూసిన యుద్ధం మీద 'స్లాటర్‌హౌస్-ఫైవ్' నవల తేవడానికి ఆయనకి ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

యాంకర్: ఆయన గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం...

అనువాదకురాలు: ఇండియానాపొలిస్‌లో 1922లో పుట్టాడు. 1944 మేలో సైన్యం నుంచి సెలవు మీద ఇంటికొచ్చినప్పుడే తల్లి ఆత్మహత్య చేసుకుంది. ఆ రోజు మదర్స్ డే. డిసెంబర్‌లో, రెండో ప్రపంచయుద్ధంలో బల్జ్ అనే పోరులో జర్మన్లకి చిక్కాడు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి తీసుకెళ్ళి, గర్భిణులకిచ్చే మాల్ట్ సిరప్ తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. ఉంచింది పశువధశాలలో, ఐదో నంబరు కట్టడంలో. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు, మర్నాడు అమెరికన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. ఖైదీలు నేల కింద మాంసం నిల్వచేసే గదిలో ఉండి బతికారు. తర్వాత సెల్లార్లలో శవాల్ని వాళ్ళ చేతే తీయించారు.

కర్నల్: ఒక్క నిమిషం. నవల్లో చచ్చిపోయినవాళ్ళు 1,35,000 మంది అని ఉంటుంది. అది తప్పు లెక్క. డేవిడ్ ఇర్వింగ్ అనే బ్రిటిష్ రచయిత పుస్తకంలోంచి వచ్చింది. డ్రెస్డెన్ నగరం వేయించిన చరిత్రకారుల కమిషన్ 2010లో 25,000 మించదని తేల్చింది.

మాస్టారు: నవలకి అంకెలతో పనేంటి కర్నల్ గారూ?

కర్నల్: పనుంది మాస్టారూ. చదివిన కుర్రాడు అదే చరిత్ర అనుకుంటాడు.

అనువాదకురాలు: ఇంటికి రాసిన ఉత్తరంలో అయితే 2,50,000 అనే రాశాడు. శవాలు మోసిన మనిషికి ఊరు ఊరంతా పోయినట్టే ఉంటుంది, ఆయన్ని తప్పుపట్టలేను. కానీ జీవితచరిత్ర రాసేవాళ్ళు ఆ అంకె దగ్గర ఆగాలి, సరిచెయ్యాలి. ఈ విషయంలో నేను కర్నల్ గారి వైపే.

యాంకర్: ఉత్తరం అన్నారు?

అనువాదకురాలు: 1945 మే 29న రాసింది. అప్పటికి వయసు 22. ఫలానా చోట ఇంతమంది పోయారు, నేను పోలేదు. ఇంకోచోట ఇంతమంది, నేను కాదు. ఒక్కో ఘోరం చెప్పడం, చివర ఆ ముక్క తగిలించడం. మనం నవల్లో చూసే గొంతు అప్పటికే ఉంది.

యాంకర్: గొంతు ఉంటే మరి ఇన్నేళ్ళెందుకు?

మాస్టారు: సంసారమండీ! జనరల్ ఎలక్ట్రిక్‌లో పబ్లిసిటీ ఉద్యోగం, తర్వాత పత్రికలకి కథలమ్ముకుని బతకడం. 1958లో అక్క క్యాన్సర్‌తో పోయింది, ఆవిడ భర్త అంతకు కొద్దిగా ముందే రైలు ప్రమాదంలో పోయాడు. వాళ్ళ కొడుకుల్లో ముగ్గుర్ని ఈయన పెంచుకున్నాడు. సొంత పిల్లలు ముగ్గురు. జీవితచరిత్ర రాసేవాళ్ళలో బాంబుల గురించి రాసేటప్పుడున్న హుషారు, ఆరుగురు పిల్లలున్న ఇంటి గురించి రాసేటప్పుడు ఎవరికుంటుంది చెప్పండి?

అనువాదకురాలు: సంసారం ఒక్కటే కాదు మాస్టారూ. ఎవరి కథగా చెప్పాలో తెలియకపోవడం కూడా. తనతో ఖైదులో ఉన్న బెర్నార్డ్ ఓహేర్ ఇంటికి వెళ్తాడు, పాత సంగతులు గుర్తు చేసుకుందామని. ఓహేర్ భార్య మేరీ వాళ్ళని వంటగది బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. ఆవిడకి కోపంగా ఉంది, ఎందుకో ఈయనకి తెలియదు. ఐస్ ట్రే తీసుకెళ్ళి స్టీలు సింకులో ఠంగుమని కొడుతుంది. తలుపులు ధడేల్మంటుంటాయి. చివరికి బయటపడుతుంది: అప్పుడు మీరంతా చంటిపిల్లలు, నువ్వు రాస్తే మాత్రం మొనగాళ్ళని చేసి రాస్తావు, అది సినిమా అవుతుంది, ఇంకో యుద్ధానికి ఇంకో తరం పిల్లలు పోతారు అని.

కర్నల్: అది నవల్లో మొదటి అధ్యాయమే కదా. నిజంగా జరిగిందా, కల్పించాడా?

అనువాదకురాలు: మంచి ప్రశ్న. సింకు చప్పుడుకి నేను పూచీ పడను. మేరీ ఓహేర్ మాత్రం నిజం మనిషి. పుస్తకం అంకితమిచ్చింది ఆవిడకి, డ్రెస్డెన్‌లో ఒక టాక్సీ డ్రైవర్‌కి. పిల్లల యుద్ధయాత్ర అని ఉపశీర్షిక కూడా పెట్టాడు.

మాస్టారు: కాలం కూడా కలిసొచ్చింది. పుస్తకం 1969లో వచ్చింది, వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. జర్మన్లకి అమెరికన్లు చేసిన చెడ్డ గురించి మాట్లాడే వీలు వియత్నాం వల్లే దొరికిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. 1950ల్లో వచ్చుంటే ఇంతమంది చదివేవారా అని నా అనుమానం.

కర్నల్: సాలింజర్ సంగతేంటి? 1944 జూన్ 6న సైన్యంతో ఫ్రాన్స్ తీరంలో యూటా బీచ్‌లో దిగాడు. రాస్తున్న నవల 'ద క్యాచర్ ఇన్ ద రై' అధ్యాయాలు వెంట ఉన్నాయి. యుద్ధం అయ్యాక మనసు దెబ్బతిని న్యూరెంబర్గ్‌లో ఆస్పత్రిలో చేరాడు. 1951లో ఆ నవల వస్తే అందులో యుద్ధరంగమే కనపడదు. తన జీవితం రాయబోయిన ఇయన్ హామిల్టన్ మీద కేసు వేసి, తన ఉత్తరాలు వాడకుండా 1987లో ఆపించాడు కూడా. మా వాళ్ళలో అలాంటివాళ్ళు చాలామంది. అడిగితే లేచి వెళ్ళిపోతారు.

యాంకర్: టైమ్ అయిపోవస్తోంది. మేడమ్, వానెగట్‌ని తెలుగు చేస్తున్నారట. ఎక్కడైనా ఇబ్బంది పడ్డారా?

అనువాదకురాలు: చావు వచ్చిన ప్రతిచోటా 'సో ఇట్ గోస్' అని ఒక చిన్న వాక్యం వస్తుంది. 106 సార్లని లెక్కపెట్టినవాళ్ళున్నారు. మొదట 'కర్మ' అని పెట్టాను. చదువుకుంటే పూర్వజన్మ పాపం అంటగట్టినట్టయింది, కొట్టేశాను. 'ప్రాప్తం' కూడా అంతే. 'అలా అయిపోయింది' అంటే ఓదార్పులా ఉంది.

కర్నల్: మా మెస్‌లో ఎవరైనా పోయారని కబురొస్తే 'సరే' అనేవాళ్ళం. అని మళ్ళీ ప్లేటు వైపు చూసేవాళ్ళం.

అనువాదకురాలు: సరే... (రాసుకుంటూ) 106 సార్లు పెట్టి చూస్తానండీ.