కథలో ట్విస్ట్ పెడితే పాఠకుడు తిట్టకుండా ఉండాలంటే

హాయ్ అండి, స్క్రీన్ కనిపిస్తోంది కదా. ఎడమ పక్కన గురజాడ గారి దిద్దుబాటు, 1910లో వచ్చింది, తొలి తెలుగు కథ ఇదా కాదా అనే గొడవ మనకొద్దు. కుడి పక్కన నా కథ, కొంచెం సిగ్గుగానే చూపిస్తున్నా.

దిద్దుబాటు తెలుసుగా, గోపాలరావు సానిపాట విని రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరతాడు, భార్య కమలిని ఉండదు, పుట్టింటికి పోతున్నానని ఉత్తరం. ఇదిగో, ఇక్కడినుంచి ఇక్కడిదాకా పసుపు రంగు వేస్తున్నా, అతనికి తెలిసినదంతా పసుపు. నౌకరు రాముడి మీద చెయ్యి చేసుకోవడం, తర్వాత తన తప్పే అని ఏడవడం, అంతా పసుపే. చివర్లో మంచం కిందనుంచి నవ్వు, గాజుల చప్పుడు, అయిపోయింది కథ.

ఇప్పుడు మళ్లీ పైకి వెళ్దాం, ఈ పశ్చాత్తాపం అంతా కమలిని వింటూనే ఉంది! లేదనుకున్న మనిషే ఆ గదిలో అందరికంటే పెద్దదైపోయింది, అతనేమో ఇక మాట వెనక్కి తీసుకోలేడు.

సరే, ఇక్కడ ఆగండి, నేను బోల్తా పడింది ఇక్కడే. మనకి కూడా చివరిదాకా తెలీలేదు కదా, మరి గురజాడ మోసం చేశాడని ఎందుకు అనిపించదు? కథ మొత్తం గోపాలరావు వెంటే నడుస్తుంది, అతనికి తెలీనిది మనకీ తెలీదు, అంతే. నా కథలో "నేను" అని చెప్పే ఆయనే రోజూ భార్యకి కాఫీ ఇస్తుంటాడు, ఆఖరి లైన్లో ఆమె చనిపోయి ఏడాదైందని చెప్తాడు. మా ఫ్రెండ్ చదివి "నీకు ముందే తెలుసు కదరా, నా దగ్గర దాచావేంటి" అన్నాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు నేను, కానీ వాడు చెప్పింది కరెక్టే.

అందుకే పక్కింట్లో అద్దెకి దిగిన కుర్రాడి వైపునుంచి రాస్తున్నా. వాడికి కనిపించేది గోడ మీద రెండు కాఫీ గ్లాసులు, అందులో ఒకటి ఎప్పుడూ తొరక కట్టి ఉంటుంది. అంతే, ఇంకేం చెప్పను.

అన్నట్టు గూగుల్ డాక్స్‌లో కామెంట్‌కి కంట్రోల్ ఆల్ట్ ఎమ్, నేను మౌస్ ముట్టను. కానీ "నేను" తీసి "ఆయన" పెట్టడానికి మాత్రం రీప్లేస్ ఆల్ కొట్టకండి, చూడండి ఏమైందో, "ఆయన లేచాను, ఆయన కాఫీ పెట్టాను"... అన్‌డూ, అన్‌డూ.