దండు అటు పోగానే మాట తప్పారు

యాంకర్: వెల్కమ్ బ్యాక్. అయ్యగారూ, యూదా రాజ్యం వాళ్లు విగ్రహాలకి మొక్కారు, దేవుడు శిక్షించాడు, వాళ్ల రాజధాని యెరూషలేము కూలిపోయింది. ఇంతేనా?

పాస్టర్: మేం కూడా ప్రసంగాల్లో అక్కడే ఆపేస్తామండీ, ఒప్పుకోవాలి. కానీ బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 34వ అధ్యాయం తీయండి. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ముట్టడి వేసి కూర్చుంది, అప్పుడు యూదా రాజు సిద్కియా, పెద్దోళ్లు కలిసి మా హెబ్రీ దాసదాసీల్ని వదిలేస్తాం అని మందిరంలోనే ఒట్టేశారు, దూడని రెండుగా కోసి ఆ ముక్కల మధ్యలోంచి నడిచారు కూడా. ఆరేళ్లు చేయించుకుని ఏడో ఏట వదిలేయాలని ధర్మశాస్త్రంలో ఎప్పట్నుంచో ఉంది, వీళ్లకి గుర్తొచ్చింది మాత్రం ప్రాణం మీదకొచ్చాకే.

యాంకర్: మరి వదిలేశారా?

పాస్టర్: వదిలేశారు! ఈలోగా ఐగుప్తు, అంటే ఈజిప్టు నుంచి అక్కడి రాజు ఫరో దండు బయల్దేరిందని తెలిసి కల్దీయులు, అంటే ఈ బబులోను వాళ్లే, ముట్టడి ఎత్తేసి అటు పోయారు. 34, 37 అధ్యాయాలు కలిపి చదివితే తెలుస్తుంది, హమ్మయ్య అనుకుని వదిలినోళ్లనే మళ్లీ లాక్కొచ్చి పనిలో పెట్టుకున్నారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

లెక్చరర్: ఏరెక్కడ దాటారు సర్, సగంలోనే తగలేశారు. (నవ్వులు) ఇంకోటి చెప్తాను, అదే 34వ అధ్యాయంలో, యూదా కోట పట్టణాల్లో లాకీషు, అజేకా ఈ రెండే పడకుండా మిగిలాయని ఉంటుంది. 1935లో లాకీషు తవ్వకాల్లో కాలిపోయిన గుమ్మం దగ్గర బూడిదలో సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి, ఒకదాంట్లో లాకీషు సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా కనపడట్లేదు అని రాసుంది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అజేకా అప్పటికే పడిపోయిందని కొందరంటారు, అందరూ ఒప్పుకోరు.

యాంకర్: కానీ మేడమ్, అంత చిన్న దేశం ఎలాగైనా ఓడిపోయేదేగా?

లెక్చరర్: నా డౌటూ అదే. అటు ఐగుప్తు, ఇటు బబులోను, పైగా సిద్కియాని గద్దె మీద కూర్చోబెట్టిందే బబులోను రాజు నెబుకద్నెజరు, ఆయన మీదే తిరగబడ్డాడు.

పాస్టర్: లొంగిపోండి, బతుకుతారు అని యిర్మీయా చెప్పాడు కదమ్మా, చెప్పినందుకు బురద గోతిలో దింపారు. దాసుల విషయంలో దేవుడు ఆయనచేత చెప్పించింది ఇంకా ఘాటు మాట: మీరు వాళ్లకి విడుదల ఇవ్వలేదు కాబట్టి నేను మీకు విడుదల ఇస్తున్నా, కత్తికి, తెగులుకి, కరువుకి. పోయిన దండు తిరిగొచ్చింది. రిబ్లా అనే ఊళ్లో సిద్కియా కళ్లముందే కొడుకుల్ని చంపి, తర్వాత ఆ కళ్లే పొడిచేశారు.

యాంకర్: ఆ దాసులేమయ్యారు?

పాస్టర్: వాళ్ల సంగతి విడిగా రాయలేదు. కానీ 39వ అధ్యాయంలో, ఏమీ లేని బీదల్ని యూదాలోనే ఉంచి ద్రాక్షతోటలు, పొలాలు ఇచ్చారని ఉంది. ఇచ్చిందెవరనుకున్నారు? బబులోను సేనాపతి.