డిస్టిల్డ్ వాటర్ తాగితే ఒంట్లో నిజంగా ఏం జరుగుతుంది?

[దృశ్యం: బల్ల మీద రెండు గాజు గ్లాసులు. రెండింటిలోనూ నీళ్లు తేటగా ఉన్నాయి. ఒక్కో గ్లాసులో రెండేసి ఇనుప కడ్డీలు, వాటికి తీగలు.]

ఎడమ గ్లాసులో ఉన్నవి కుళాయి నీళ్లు. కుడి గ్లాసులో ఉన్నవి డిస్టిల్డ్ వాటర్, అంటే బడిలో మనం స్వేదన జలం అని చదువుకున్న నీళ్లు. ఇప్పుడు రెండింటిలోకీ ఒకే విధంగా కరెంటు పంపిస్తున్నాను.

[దృశ్యం: ఎడమ గ్లాసులో నీళ్లు మెల్లగా రంగు మారి, తుప్పు రంగు మడ్డి పైకి తేలుతుంది. కుడి గ్లాసు తేటగానే ఉంటుంది.]

కొద్ది నిమిషాల్లోనే ఎడమ గ్లాసు చూడటానికి రోత పుట్టించేలా తయారైంది. నీటిశుద్ధి యంత్రాలు అమ్మేవారిలో కొందరు సరిగ్గా ఈ ప్రదర్శనే చేసి, ఇన్నాళ్లూ మీరు తాగుతున్న మురికి ఇదేనని చెబుతారు. నిజానికి ఆ మడ్డి నీళ్లది కాదు, కడ్డీలది. కుళాయి నీళ్లలో కరిగి ఉన్న లవణాల వల్ల వాటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది, ఆ ప్రవాహానికి ఇనుము కరిగి తుప్పుగా బయటపడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో లవణాలు లేవు కాబట్టి విద్యుత్తు దాదాపుగా పారదు, కడ్డీ కరగదు. అనుమానం ఉంటే కుడి గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి చూద్దాం.

[దృశ్యం: కుడి గ్లాసులో ఉప్పు వేస్తారు. కాసేపటికి అందులోనూ తుప్పు రంగు మడ్డి చేరుతుంది.]

ఈ ప్రదర్శన తేల్చిన విషయం ఒక్కటే: ఒకదానిలో లవణాలు ఉన్నాయి, రెండోదానిలో లేవు. ఆ లవణాలు ఒంటికి మంచివా, చెడ్డవా అన్న ప్రశ్నను అది తాకనైనా తాకలేదు. డిస్టిల్డ్ వాటర్ మీద ఏళ్ల తరబడి సాగుతున్న వాదమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఒక పక్షం అది శరీరాన్ని కడిగి శుభ్రం చేస్తుందని అంటుంది, మరో పక్షం అది ఎముకల్లోని సారాన్ని పీల్చేస్తుందని అంటుంది. ఈ రెండు పక్షాలూ నీళ్లకు ఉన్నదానికంటే ఎక్కువ శక్తిని అంటగడుతున్నాయని, అసలు చూడవలసిన విషయం వేరే చోట ఉందని నా అభిప్రాయం.

[దృశ్యం: మరుగుతున్న నీళ్లు, గొట్టంలోకి పోతున్న ఆవిరి, చల్లబడి చుక్కలుగా రాలుతున్న నీరు.]

స్వేదనం సూత్రం తేలికైనదే. నీళ్లను మరిగిస్తారు, ఆవిరిని వేరే గొట్టంలోకి పంపి చల్లబరుస్తారు, అది మళ్లీ నీరవుతుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, సీసం వంటివి ఆవిరితో పాటు లేవలేవు కనుక పాత్ర అడుగునే మిగిలిపోతాయి. సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అయితే తక్కువ వేడికే ఆవిరయ్యే క్లోరోఫాం వంటి పదార్థాలు నీటి ఆవిరితో కలిసి అవతలి పాత్రలోకి చేరగలవు, అందుకే చాలా యంత్రాలకు బొగ్గు ఫిల్టరు కూడా పెడతారు. కాబట్టి స్వేదనం చేసిన నీళ్లలో నీళ్లు తప్ప ఇంకేమీ ఉండవన్న మాట పూర్తిగా నిజం కాదు.

ముందుగా మేలు చేస్తుందనే వారి వాదన చూద్దాం. నీళ్లలోని ఖనిజాలు నిర్జీవమైనవి, మట్టివి, వాటిని శరీరం వాడుకోలేదు, అవి కీళ్లలోనూ రక్తనాళాల్లోనూ మూత్రపిండాల్లోనూ పేరుకుంటాయి, డిస్టిల్డ్ వాటర్ వాటిని కరిగించి బయటికి తెస్తుందని వారు చెబుతారు. నీళ్లు కాచే పాత్ర అడుగున తెల్లటి పెచ్చు కట్టడం అందరం చూసిందే కనుక ఈ మాట వినగానే నమ్మాలనిపిస్తుంది. కానీ పాత్ర లోపల జరిగేది వేరు, ఒంట్లో జరిగేది వేరు. పాత్రలో నీళ్లు మరిగినప్పుడు కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుపోయి కాల్షియం కార్బొనేట్ అడుగున పడుతుంది. మన రక్తం మరగదు, ఆవిరైపోయి అడుగంటదు. అందులో కాల్షియం ఎంత ఉండాలో పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి, మూత్రపిండాలు కలిసి నిర్ణయిస్తాయి, తాగిన గ్లాసుడు నీళ్లు కాదు.

నిర్జీవ ఖనిజాలను శరీరం గ్రహించలేదన్న మాట సూటిగా తప్పు. నీళ్లలో కరిగిన కాల్షియం ఒక అయాను, అంటే విద్యుదావేశం ఉన్న కణం, పాలలోని కాల్షియం కూడా జీర్ణమయ్యేసరికి అదే అయాను, పేగు గోడకు వాటి మధ్య తేడా తెలియదు. నీళ్లలోని కాల్షియం దాదాపు పాలలోని కాల్షియం అంతగానూ ఒంటబడుతుందని కొలిచి చూసిన అధ్యయనాలు ఉన్నాయి. ఈ వాదనలో ఒక తమాషా కూడా ఉంది. ఖనిజాలను శరీరం గ్రహించలేకపోతే అవి పేగు దాటి లోపలికే రావు, ఇక కీళ్లలో పేరుకునేది ఎలా?

[దృశ్యం: మూత్రపిండం బొమ్మ, అందులో చిన్న రాళ్లు.]

మూత్రపిండాల్లో రాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే డిస్టిల్డ్ వాటర్ మొదలుపెట్టాక రాళ్ల బాధ తగ్గిందని చెప్పేవారు అబద్ధమాడుతున్నారని నేను అనుకోవడం లేదు. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. కాల్షియం అనే పేరు వినగానే కాల్షియం మానేస్తే చాలుననిపిస్తుంది, కానీ 1993లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం ఇందుకు భిన్నంగా చూపింది: ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకున్న పురుషుల్లోనే రాళ్లు తక్కువ. కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో పంపించేయడం ఇందుకు ప్రధాన కారణమని భావిస్తారు. ఇక నీళ్ల విషయానికి వస్తే, 1996లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ప్రయోగంలో మొదటిసారి రాయి వచ్చినవారిని రెండు జట్లుగా చేసి ఒక జట్టును మాత్రం ఎక్కువ నీళ్లు తాగమన్నారు. అయిదేళ్లలో వారిలో 12 శాతం మందికి, రెండో జట్టులో 27 శాతం మందికి మళ్లీ రాళ్లు వచ్చాయి. తేడా తెచ్చింది తాగిన పరిమాణం. కొత్త యంత్రం కొన్న ఉత్సాహంలో మనిషి రోజుకు ఒక లీటరు అదనంగా తాగితే రాళ్లు తగ్గడంలో వింతేమీ లేదు, ఆ ఘనత మాత్రం యంత్రానికి దక్కుతుంది.

ఇప్పుడు భయపెట్టేవారి వైపు చూద్దాం. వారి ప్రధానమైన ఆయుధం ద్రవాభిసరణం. ఉప్పు తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకు నీరు పొర గుండా ప్రవహిస్తుంది కాబట్టి, లవణాలే లేని నీళ్లు తాగితే కణాలు ఉబ్బి పగిలిపోతాయని వారి వాదన. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. లవణాలు లేని నీటిని నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు నిజంగానే పగులుతాయి, అందుకే ఆసుపత్రుల్లో నరానికి ఉత్త నీళ్లు కాకుండా సెలైన్ ఎక్కిస్తారు.

[దృశ్యం: మూడు నిలువు గీతలు. మొదటిది చాలా ఎత్తు, రెండోది నేలను ఆనుకుని ఉంది, మూడోది కనిపించదు.]

కానీ తాగడం వేరు. సెలైన్ గాఢత రక్తపు గాఢతకు దగ్గరగా ఉంటుంది, అందులో లీటరుకు 9,000 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటుంది. మామూలు కుళాయి నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి, అంటే టీడీఎస్, లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకుందాం. రక్తపు గాఢతను నూరు అనుకుంటే కుళాయి నీళ్లది సుమారు మూడు, డిస్టిల్డ్ వాటర్‌ది సున్నా. నూరుతో పోల్చినప్పుడు మూడుకూ సున్నాకూ తేడా ఎంత? డిస్టిల్డ్ వాటర్ కణాలను పగలగొట్టేదే అయితే కుళాయి నీళ్లు కూడా దాదాపు అంతే పని చేసి ఉండాలి. దీనికి తోడు, తాగిన నీళ్లు నోటి నుంచి పేగు దాకా లాలాజలంతో, జఠర రసంతో, క్లోమ రసంతో కలుస్తూనే పోతాయి. పెద్దవారిలో జీర్ణనాళంలోకి ఊరే రసాలు రోజుకు సుమారు ఏడు లీటర్లు.

నీటి విషప్రభావం అనేది లేదా అంటే, ఉంది. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌ల కంటే దిగువకు పోతే దాన్ని హైపోనట్రీమియా అంటారు, అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగుదారుల రక్తం పరీక్షిస్తే వారిలో 13 శాతం మందికి ఈ స్థితి కనిపించింది. పరుగు మొదలుపెట్టినప్పటికంటే ముగించేసరికి బరువు పెరిగినవారు, అంటే చెమటలో పోయినదానికంటే ఎక్కువ తాగినవారు, ముఖ్యంగా దీని బారిన పడ్డారు. ప్రమాదం మోతాదులో ఉంది, ఏ నీళ్లయినా ఆ మోతాదులో అపాయకరమే. పసిపిల్లల మూత్రపిండాలు అదనపు నీటిని త్వరగా బయటికి పంపలేవు కాబట్టి, ఆరు నెలల లోపు వారికి ఏ రకం నీళ్లూ విడిగా పట్టకూడదని వైద్యులు చెబుతారు.

ఆమ్లత్వం గురించిన భయాన్ని ఒక్క మాటలో దాటేయవచ్చు. డిస్టిల్డ్ వాటర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, ఆమ్లత్వానికి కొలత అయిన పీహెచ్ 5.6 దగ్గరికి వస్తుంది (ఈ అంకె ఏడు కంటే తగ్గితే ఆమ్లం), జఠర రసం దానికంటే వెయ్యి రెట్లకు పైగా ఆమ్లం.

[దృశ్యం: కుండలో ఉడుకుతున్న కూరగాయలు.]

ఇంతవరకూ విన్నాక ఏ నీళ్లయినా ఒకటేనన్న అభిప్రాయానికి రాకండి, ఎందుకంటే అసలు చర్చ ఇక్కడే మొదలవుతుంది. 1957లో జపాన్‌లోనూ 1960లో అమెరికాలోనూ పరిశోధకులు నీటి స్వభావానికీ, పక్షవాతం, గుండె జబ్బుల మరణాలకూ సంబంధం ఉన్నట్టు గమనించారు. ఆ తర్వాత వచ్చిన అనేక అధ్యయనాల్లో మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్లు తాగే ప్రాంతాల్లో గుండె జబ్బుల మరణాలు కొంత తక్కువగా కనిపించాయి. అవన్నీ పరిశీలన ఆధారంగా చేసినవి, కారణాన్ని నిరూపించే ప్రయోగాలు కావు, అయినా కొట్టిపారేయదగ్గవీ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో తాగునీటిలోని పోషకాల మీద వెలువరించిన సంకలనంలో ఖనిజాలు తీసేసిన నీటి ప్రమాదాల గురించి ఒక అధ్యాయమే ఉంది. జర్మనీ పోషకాహార సంఘం 1993లోనే డిస్టిల్డ్ వాటర్ తాగవద్దని ప్రజలను హెచ్చరించిన సంగతి అందులో ప్రస్తావనకు వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాముల కాల్షియం, 20 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటే, రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి 100 మిల్లీగ్రాముల కాల్షియం, 40 మిల్లీగ్రాముల మెగ్నీషియం అందుతాయి. పెద్దవారికి కావలసింది సుమారు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, 300 నుంచి 400 మిల్లీగ్రాముల మెగ్నీషియం. అంటే రెండింటిలోనూ దాదాపు పదో వంతు. అన్నీ తినేవారికి ఈ పదో వంతు పోయినా లెక్కలోకి రాదు. అంతంత మాత్రంగా తినేవారికి, ముసలివారికి, మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడేవారికి లెక్కలోకి వస్తుంది. రాతి కొండల మీదుగా పారే సహజమైన నీళ్లలో కూడా లవణాలు చాలా తక్కువగా ఉండే ప్రాంతాలు ఎన్నో ఉన్నాయి, అక్కడివారు ఎముకలు కరిగి కూలిపోవడం లేదన్నది కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

ఇరు పక్షాలూ సాధారణంగా మరిచిపోయేది వంట. ఖనిజాలు లేని నీళ్లలో కూరగాయలు, ధాన్యాలు, మాంసం ఉడికించి ఆ నీళ్లు వంచేస్తే, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం 60 శాతం వరకూ పోవచ్చని ఆ 2005 సంకలనమే చెబుతుంది. కఠిన జలంలో, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్లలో, ఉడికిస్తే ఈ నష్టం చాలా తక్కువ. డిస్టిల్డ్ వాటర్ ఎముకల నుంచి ఖనిజాలను లాగుతుందన్న మాటకు రుజువు లేదు కానీ, కుండలోని కూర నుంచి మాత్రం నిక్షేపంగా లాగుతుంది. ఉడికించిన నీళ్లను వంచకుండా పులుసులోనో చారులోనో వాడుకుంటే ఆ నష్టమూ ఉండదు.

లవణాల మీద దానికున్న ఈ ఆకలి లోహపు పాత్రల మీద, గొట్టాల మీద కూడా పనిచేస్తుంది. రాగి, సీసం ఉన్న చోట అది వాటిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది, అందుకే సముద్రపు నీటిని తాగునీటిగా మార్చే కేంద్రాలు నీటిని గొట్టాల్లోకి వదిలే ముందు సున్నపురాయి వంటి వాటితో కాల్షియం తిరిగి కలుపుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో క్లోరిన్ కూడా ఉండదు కనుక, మూత తీసి చేతులు పెడితే అందులో సూక్ష్మజీవులు చేరి పెరగడానికి అడ్డేమీ లేదు. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ తాగడానికి తయారు చేసింది కాదు. ఈ మాట చెప్పవలసి రావడం విచిత్రమే, అయినా చెబుతున్నాను.

[దృశ్యం: నీటి పరీక్ష నివేదిక. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ అంకెల చుట్టూ గీతలు.]

మరి ఈ నీళ్లు ఎవరికి మేలు? మీ నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలు దాటి ఉంటే స్వేదనం నిస్సందేహంగా మేలు చేస్తుంది. మరిగించడం వీటిని తీసేయదు సరికదా, నీళ్లు ఇగిరిపోయిన కొద్దీ ఇంకా చిక్కబరుస్తుంది. అటువంటి చోట పదో వంతు ఖనిజాలు పోతాయని వెనకాడటం తెలివితక్కువ. కుళాయి నీళ్లు పరీక్షలో బాగానే తేలితే మాత్రం, లీటరు డిస్టిల్డ్ వాటర్ కోసం మామూలు ఇంటి యంత్రం దాదాపు 0.7 యూనిట్ల కరెంటు తాగి మీకు ఇచ్చేది చప్పటి నీళ్లే. పరీక్ష చేయించకుండా యంత్రం కొనడం, జ్వరం చూడకుండా మాత్ర వేసుకోవడం లాంటిది.

[దృశ్యం: ముక్కు కడుక్కోవడానికి వాడే చిన్న కొమ్ము చెంబు.]

కుళాయి నీళ్ల కంటే డిస్టిల్డ్ వాటర్ నిస్సందేహంగా మెరుగైన పని ఒకటి ఉంది, అది తాగడం కాదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా సోకి చనిపోయారు. ఆ అమీబా ఉన్న నీళ్లు తాగితే ఏమీ కాదు, ముక్కులోకి వెళితే మాత్రం అది మెదడుకు చేరుతుంది. అందుకే ముక్కు కడగడానికి డిస్టిల్డ్ వాటర్ లేదా కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చిన నీళ్లు వాడాలని అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. ఆ నీళ్లలో కూడా ఉప్పు కలుపుకోవాలి, ఎందుకంటే ఉత్త డిస్టిల్డ్ వాటర్ ముక్కు పొరకు తగిలితే భగ్గున మండుతుంది. ద్రవాభిసరణం ప్రభావం మనిషికి నేరుగా తెలిసేది అక్కడే.