పాట వెనుక పని: దేవరకొండ నుంచి ఒక ఫోన్

యాంకర్: మన స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ ఉన్నారు. దేవరకొండ నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండి తమ్ముడూ.

శ్రోత: నమస్తే అన్నా. ఇంట్లో ఒక గదిలో కంప్యూటర్, మైకు పెట్టుకుని మూడేళ్లుగా జానపద పాటలు రికార్డు చేస్తున్నాను. నా పేరు ఎక్కడా వేయరు. డబ్బులడిగితే ‘తర్వాత చూద్దాం’ అంటారు. ఇదీ ఒక పనేనా అని నాన్నకు కోపం.

ఇంజనీర్: పనే తమ్ముడూ, మంచి పని. మైకు ఆన్ చేయకముందే మాట్లాడుకో. పాటకు ఎంత, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తావు, నీ పేరు ఎక్కడ వేస్తారు, అన్నీ వాట్సాప్‌లో రాసి ‘సరే’ అనిపించుకో. సగం అడ్వాన్స్ తీసుకో. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద మొదటి హక్కు, దాన్ని తయారు చేయడానికి పూనుకుని బాధ్యత మోసిన ప్రొడ్యూసర్‌ది. రికార్డు చేసిన ఇంజనీర్‌కు వాటా కావాలంటే కాగితం మీద రాయించుకోవాల్సిందే.

శ్రోత: డప్పు రికార్డు చేస్తే సౌండ్ పగులుతోంది అన్నా. మిక్సింగ్‌లో తగ్గించినా పోవట్లేదు.

ఇంజనీర్: పోదు. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ అంటే పైకప్పు. దాన్ని దాటబోయిన దెబ్బకు తల తెగుతుంది. తర్వాత తగ్గిస్తే ఆ పగులే చిన్నగా వినిపిస్తుంది. రికార్డింగ్ సెట్టింగ్ 24 బిట్‌లో పెట్టి, గెయిన్ తగ్గించు, అంటే మైకు నుంచి లోపలికి వచ్చే సౌండ్ మోతాదు. ఎంత గట్టి దెబ్బయినా మైనస్ 10 డెసిబెల్ దగ్గర ఆగాలి. మైకు నాలుగైదు అడుగులు వెనక్కి జరుపు. ఇంకోటి, డప్పును మంట మీద కాచిన వెంటనే రికార్డు చెయ్యి. చల్లారేకొద్దీ తోలు సడలి శ్రుతి దిగుతుంది, మొదటి టేకూ ఆరో టేకూ కలవవు. ఇది తెలియక ఒక రాత్రంతా చేసిన పని పారేసుకున్నాను.

శ్రోత: కోర్సు చేయాలా అన్నా?

ఇంజనీర్: వీలైతే చెయ్యి. పుణెలో ఎఫ్‌టీఐఐ అనే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలో సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి, అందుకే చదువు ఆపకు. 2009లో సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పుణెలో చదివినవారే, కేరళలో ఒక పల్లె నుంచి వచ్చారు. అప్పు చేసి మైకు మాత్రం కొనకు. ముందు గదిలో ప్రతిధ్వని తగ్గేలా గోడలకు దుప్పట్లు కట్టు, ఫ్యాన్ ఆపు.

శ్రోత: సరే అన్నా.

ఇంజనీర్: పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యంతో దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పాత వాద్యాలు తెలిసినవాళ్లు కొద్దిమందే మిగిలారు. వాళ్లను వెతికి రికార్డు చెయ్యి. ఒక కాపీ వాళ్లింట్లో ఇచ్చిరా.

శ్రోత: అచ్చంపేట దగ్గర మా మేనమామకు ఒక పెద్దాయన తెలుసు. ఈ ఆదివారమే పోతాను అన్నా.