లుకాకు భాషలకు చిరునామాలు ఎక్కడున్నాయి?

[తెర మీద: విలేకరుల ముందు రోజర్ ఫెదరర్. శబ్దం బాగా తగ్గించి.]

ఇలాంటి క్లిప్ మీరంతా చూసే ఉంటారు. ఫెదరర్ మ్యాచ్ ఆడి వచ్చి కూర్చుంటాడు. ఒకరు ఇంగ్లిష్‌లో అడిగితే ఇంగ్లిష్‌లో, మరొకరు ఫ్రెంచ్‌లో అడిగితే ఫ్రెంచ్‌లో, ఆ తర్వాత తన ఊరి స్విస్ జర్మన్‌లో జవాబిస్తాడు. తడబాటే ఉండదు. నాకూ ఇవి చూడడం ఇష్టం. కానీ మనవాళ్లు ఎవరు షేర్ చేసినా కింద ఒకటే మాట: "వాళ్ల బుర్రలే వేరు. మనకి ఒక్క ఇంగ్లిష్ రావడానికే తాతలు దిగొస్తున్నారు."

ఈ మాట చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అది నిజం కాదు. పైగా దాన్ని నమ్మి, ఇక మనవల్ల కాదులే అని వదిలేసే పిల్లలు ఎంతోమంది. కాబట్టి ఇవాళ బుర్రల సంగతి పక్కన పెట్టి, ఈ భాషలు ఎక్కణ్నుంచి వచ్చాయో చూద్దాం. దీనికి ఫెదరర్ కంటే రొమెలు లుకాకు మంచి ఉదాహరణ.

[తెర మీద: బెల్జియం మ్యాప్.]

లుకాకు బెల్జియం ఫుట్‌బాల్ జట్టు స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టే ఆటగాడు. డచ్, ఫ్రెంచ్, లింగాలా, ఇంగ్లిష్, స్పానిష్, పోర్చుగీస్, ఇటాలియన్ మాట్లాడతాడు. ఈ జాబితా వినగానే నోరు తెరుస్తాం. తెరవకండి. ఒక్కో భాష దగ్గర ఆగి ఒకటే ప్రశ్న వేయండి: దీని చిరునామా ఏది?

డచ్. లుకాకు 1993లో పుట్టింది ఆంట్‌వెర్ప్‌లో. అక్కడ వీధి భాష డచ్. చిరునామా దొరికింది. లింగాలా, ఫ్రెంచ్. అమ్మానాన్నలు కాంగో నుంచి వచ్చినవాళ్లు. లింగాలా ఆ దేశంలో పెద్ద భాష, ఫ్రెంచ్ అక్కడి అధికార భాష. ఇవి ఇంటి నుంచి వచ్చాయి. పైగా టీనేజ్‌లో ఆడింది బ్రస్సెల్స్ క్లబ్ ఆండర్‌లెక్ట్‌కి, ఆ నగరంలో ఫ్రెంచ్ లేకుండా రోజు గడవదు. ఇంగ్లిష్. 2011లో పద్దెనిమిదేళ్లకే చెల్సీకి వెళ్లాడు, తర్వాత ఎనిమిదేళ్లు ఇంగ్లండ్ క్లబ్బులే. ఇటాలియన్. 2019లో ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్‌లో చేరాడు. మరి స్పానిష్, పోర్చుగీస్? బెల్జియం నగరాల్లో ఒక్కో పేటది ఒక్కో భాష. ఒక వాక్యం ఫ్రెంచ్‌లో మొదలుపెట్టి డచ్‌లో ముగిస్తానని, ఏ పేటలో ఉంటే దాన్నిబట్టి మధ్యలో స్పానిషో పోర్చుగీసో లింగాలానో కలుపుతానని లుకాకే రాశాడు.

చూశారా? ఏడు భాషలకీ ఏడు చిరునామాలు. గాల్లోంచి ఒక్కటీ ఊడిపడలేదు. ప్రతి చిరునామాలోనూ ఇతనితో రేపు పొద్దున మాట్లాడాల్సిన మనుషులున్నారు. భాష రావడానికి కావలసింది ఇదే అని నా గట్టి నమ్మకం: రేపు పొద్దున ఆ భాషలో మనతో ఎవరు మాట్లాడతారు? జవాబు ఉంటే భాష వస్తుంది. లేకపోతే పుస్తకం ఉంటుంది, మార్కులు ఉంటాయి, భాష మాత్రం రాదు.

ఇప్పుడు ఫెదరర్ దగ్గరికి వద్దాం. పుట్టింది బాసెల్‌లో, ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులు రెండూ ఆనుకునే ఊరు. అమ్మది దక్షిణాఫ్రికా, ఇంగ్లిష్ ఆమె నుంచి. ఫ్రెంచ్ సంగతే ఆసక్తికరం. స్విట్జర్లాండ్‌కి జాతీయ భాషలు నాలుగు అనగానే అక్కడ అందరికీ నాలుగూ వచ్చనుకుంటాం. అదేం లేదు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో భాష. ఫెదరర్ పద్నాలుగేళ్లకి లోజాన్ దగ్గర ఎకుబ్లాన్‌లోని జాతీయ టెన్నిస్ కేంద్రానికి వెళ్లాడు. అది ఫ్రెంచ్ ప్రాంతం, ఇతనికి ఫ్రెంచ్ సరిగా రాదు. వేరే కుటుంబంతో కలిసి ఉండాలి, ఆ భాషలోనే బడి. ఇంటి మీద బెంగతో ఏడ్చేవాణ్నని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఇవాళ మనం లైక్ కొట్టే ఆ ఫ్రెంచ్ జవాబు వెనుక ఆ కుర్రాడి టెన్షన్ ఉంది. దాన్ని చూడకుండా "గాడ్ గిఫ్ట్" అనేయడం అతనికి చేసే అన్యాయమే.

జొకోవిచ్ కథా ఇంతే. సెర్బియా నుంచి పన్నెండేళ్లకి జర్మనీలో మ్యూనిక్ దగ్గర నికీ పిలిచ్ టెన్నిస్ అకాడమీకి వెళ్లాడు. జర్మన్‌కి చిరునామా అదే.

సరే, ఆటగాళ్లను వదిలేద్దాం. "యూరప్ వాళ్లందరికీ మూడు నాలుగు భాషలు వస్తాయి" అనే మాట సంగతేంటి?

[తెర మీద: రెండు రంగుల్లో యూరప్ మ్యాప్.]

యూరోపియన్ యూనియన్ దీని మీద సర్వేలు చేస్తుంది, యూరోబారోమీటర్ అంటారు. 2012లో "మాతృభాష కాకుండా ఇంకొక్క భాషలోనైనా సంభాషణ జరపగలరా?" అని అడిగితే ఔనన్నవాళ్లు 54 శాతం. రెండు భాషల్లో అయితే 25 శాతం. మూడంటే 10 శాతమే. అవీ వాళ్లంతట వాళ్లు చెప్పుకున్నవి, ఎవరూ పరీక్ష పెట్టలేదు. 2024కి మొదటి సంఖ్య 59 అయింది. అంటే ఇప్పటికీ పదిమందిలో నలుగురికి సొంత భాష ఒక్కటే.

దేశాలవారీగా చూస్తే ఇంకా తేడా. 2012 లెక్కల్లో లక్సెంబర్గ్ 98 శాతం, నెదర్లాండ్స్ 94. ఇటలీ 38, హంగరీ 35. ఒకే యూరప్, అవే బుర్రలు!

హంగరీ భాష చుట్టుపక్కల భాషలకి చుట్టం కాదు, అందుకే వాళ్లకి కష్టం అంటారు కొందరు. ఫిన్లాండ్ భాష కూడా అలాంటిదే, ఆ రెండూ ఒకే కుటుంబానివి. అక్కడ 75 శాతం. కాబట్టి ఆ వాదన నిలబడదు. హంగరీలో కమ్యూనిస్టు పాలన ముగిసేదాకా బడిలో రష్యన్ తప్పనిసరి. పిల్లలు ఏళ్ల తరబడి చదివారు, పరీక్షలు రాశారు. మాట్లాడగలిగినవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఎందుకు? ఆ భాషకి వాళ్ల ఊళ్లో చిరునామా లేదు. ఇంట్లో లేదు, బజారులో లేదు, ఇష్టమూ లేదు. మన బడుల్లో పన్నెండేళ్లు ఇంగ్లిష్ చదివి, ఇంటర్వ్యూలో నోరు పెగలని పిల్లల్ని చూసినప్పుడు నాకు ఆ హంగరీ పిల్లలే గుర్తొస్తారు. తప్పు పిల్లలది కాదు.

నెదర్లాండ్స్‌లో వ్యవహారం వేరు. డచ్ మాట్లాడేవాళ్లు తక్కువ, వ్యాపారమంతా బయటివాళ్లతో. ఇంకో ముఖ్యమైన విషయం టీవీ. జర్మనీ, ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్‌లలో విదేశీ సినిమాలకి డబ్బింగ్ చెబుతారు. నెదర్లాండ్స్, స్వీడన్, ఫిన్లాండ్‌లలో మరీ చిన్నపిల్లల కార్యక్రమాలు తప్ప మిగతావాటికి సబ్‌టైటిల్సే. అంటే ఇంగ్లిష్ చిరునామా ఇంటి హాల్లోనే ఉంది. ఇదొక్కటే కారణమని అనను, డబ్బింగ్ ఉన్న జర్మనీ కూడా 66 శాతం దాకా వచ్చింది. కానీ రోజూ చెవిన పడడం చిన్న విషయం కాదు.

మళ్లీ లుకాకు దగ్గరికి ఒక్క నిమిషం. అప్పట్లో బెల్జియం డ్రెస్సింగ్ రూమ్‌లో డచ్ మాట్లాడే డి బ్రౌనా, ఫ్రెంచ్ మాట్లాడే హజార్డ్ ఉండేవాళ్లు. 2016లో కోచ్‌గా వచ్చిన రొబెర్తో మార్టినెజ్‌ది స్పెయిన్. మరి టీమ్ మీటింగ్ ఏ భాషలో? ఇంగ్లిష్‌లో! ఎవరి సొంత భాషా కాదు కాబట్టి ఎవరికీ కోపం లేదు. ఆ జట్టే 2018 ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించింది. అందరి ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, పాస్ ఎటు ఇవ్వాలో అర్థమైతే చాలు. ఆటగాడి భాషలో ముందు వచ్చే మాటలు కొన్నే: గాయం, అలసట, రెండో సెట్, వచ్చే మ్యాచ్. వాటినే వందలసార్లు వాడతాడు కాబట్టి తడబడడు. అక్కడ మొదలుపెట్టడం మనకీ మంచిదే: మీ పనిలో రోజూ వాడే మాటలు ముందు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

చిన్నప్పుడే నేర్చుకోవాలా? యాస బాగా పట్టుబడాలంటే చిన్న వయసు మేలు. పని జరగడానికి మాత్రం వయసు అడ్డు కాదు. స్పెయిన్ ఫుట్‌బాల్ కోచ్ గ్వార్డియోలా 2013లో జర్మనీ క్లబ్ బయర్న్ కోచ్‌గా మొదటి విలేకరుల సమావేశంలోనే జర్మన్‌లో మాట్లాడాడు, అప్పటికి 42 ఏళ్లు. పోర్చుగల్ కోచ్ మొరీన్యో 2008లో ఇంటర్ మిలాన్‌కి వచ్చిన మొదటి రోజే ఇటాలియన్‌లో మాట్లాడాడు, అప్పుడు 45. ఇతని కెరీర్‌కి దారి తెరిచిందే భాష: పోర్చుగల్‌లో ఇంగ్లిష్ కోచ్ బాబీ రాబ్సన్‌కి దుబాసీగా చేరాడు.

మనవాళ్ల సంగతి. బ్యాడ్మింటన్‌లో అమలాపురం సాత్విక్ సాయిరాజ్, ముంబయి చిరాగ్ శెట్టి. వాళ్లని జోడీ కట్టించిన కోచ్ టాన్ కిమ్ హెర్‌ది మలేసియా, తర్వాత వచ్చిన మథియాస్ బోది డెన్మార్క్. మొదట్లో చిరాగ్‌కి తెలుగు రాదు, సాత్విక్‌కి హిందీ అంతంత మాత్రం. కలిసి ఆడక తప్పదు కాబట్టి మాట కలిసింది. 2023లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు.

ఇక కుప్పం వైపు వెళ్లండి. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలో బేరమాడే దుకాణందారులు కనిపిస్తారు. లుకాకుకి పేటలు ఎలాగో వీళ్లకి ఆ మూడు రాష్ట్రాల సరిహద్దు అలాగ. వీళ్ల క్లిప్ కింద "బుర్రలే వేరు" అని ఎవరూ రాయరు. మనం ఇంగ్లిష్‌నొక్కదాన్నే భాషగా లెక్కేస్తాం, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

అందుకే కామెంట్లలో మీకొచ్చిన భాషలన్నీ రాయండి, ఒక్కోదాని పక్కన చిరునామా కూడా రాయండి. హైదరాబాద్ ఉర్దూ, బరంపురం ఒడియా, బళ్లారి కన్నడం, గల్ఫ్‌లో నేర్చుకున్న అరబ్బీ, ఏదైనా సరే. మాట్లాడడం ఒక్కటే వచ్చి చదవడం రాకపోయినా లెక్కే.