పునాది పోసిన రోజు

శ్రోతలకు నమస్కారం. కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో తమ్ముడు కట్టుకుంటున్న కొత్త ఇంటికి ఈ మధ్యనే పునాది కాంక్రీటు పోశారు. ఆ రోజు మా ఇంటిల్లిపాదీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుంతల చుట్టూనే ఉన్నాం. మా నాయినకు డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, అమ్మను వెంటబెట్టుకుని, ఆనకట్టలూ కాలువలూ కట్టే చోట్లకు వలస వెళ్లిన మనిషి ఆయన. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ పనికి మా తాత రాళ్లు మోయడానికి వెళ్తే, శ్రీశైలం పనికి నాయిన కాంక్రీటు మోయడానికి వెళ్లాడు. పాలమూరు లేబర్ అన్న మాట ఇలాంటి కుటుంబాల వల్లనే దేశమంతా తెలిసింది. ఇన్నేళ్లు ఊరూరా కాంక్రీటు మోసిన నాయిన సొంత ఇంటి కోసం కాంక్రీటు పడుతుంటే చూడడం మాత్రం ఇదే మొదటిసారి. మేం పుట్టి పెరిగిన పాత ఇంటికి గుట్ట నుంచి తెచ్చిన రాళ్లను మట్టితో పేర్చిన పునాదే ఉండేది.

మా ఊరిది ఎర్ర చెల్క నేల కాబట్టి నాలుగైదు అడుగులు తవ్వేసరికి గట్టి మొరం తగిలింది. నల్లరేగడి ఉన్న ఊళ్లవారికి ఈ సుఖం లేదు. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి, తన మీదున్న గోడను కూడా కదిలిస్తుంది. అక్కడ ఇల్లు కట్టేవారు ఇరుగుపొరుగు గుంతల లోతు చూసి తామూ అంతే తవ్వడం కాకుండా, ఇంజినీరుకు నేల చూపించి అడగడం మంచిది.

ముగ్గు పోసిన రోజు అమ్మ ఈశాన్యం గుంతలో నవధాన్యాలూ, పసుపు కొమ్మూ, రాగి పైసా వేసి కొబ్బరికాయ కొట్టింది. వాటిని గుంత అడుగున పరిచే పలుచని కాంక్రీటు పొరకు, అంటే బెడ్డుకు కిందనే, మట్టిలో పెట్టించాడు నాయిన. గింజలు కాంక్రీటులో పడితే కుళ్లి, ఆ జాగాలో బోలు మిగులుతుందని ఆయన భయం. పోసే రోజు పొద్దున్నే ఒక్కో గుంతలోకి దిగి, రాత్రి గట్టు నుంచి జారిన వదులు మట్టిని ఎత్తించాడు. రెండు గుంతల్లో సలాకల జాలి నేరుగా బెడ్డు మీదనే ఆనుకుని ఉంటే, దాన్ని లేపించి కింద సిమెంటు బిళ్లలు పెట్టించాడు. పునాదిలో సలాకల చుట్టూ కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. అంత మందం లేకపోతే నేలలోని తేమ సలాకలకు చేరి తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది.

కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది. ఒక వంతు సిమెంటుకు ఒకటిన్నర వంతుల ఇసుక, మూడు వంతుల కంకర చొప్పున కలుపుతున్నారు. మూడో గుంత దగ్గరికి వచ్చేసరికి మాలు, అంటే కలిపిన కాంక్రీటు, గట్టిగా ఉందని ఒక కుర్రవాడు ఇంకో బకెట్ నీళ్లు ఎత్తాడు. నాయిన కుర్చీలోంచి లేచాడు.

"ఆ బకెట్ దించు బిడ్డా."

"గుంతల పారుతలేదు తాతా, గట్టిగున్నది."

"పారకుంటే వైబ్రేటర్ పెట్టు. నీళ్లు పొయ్యకు. ఆ నీళ్లు ఎండినంక సందులే మిగులుతయి."

వైబ్రేటర్ అంటే మాలును అదరగొట్టి గుంతలో సర్దుకునేలా చేసే యంత్రం. ఆ రోజు నేను చూసినవాటిలో ఇంతకన్నా ముఖ్యమైనది లేదు. ఇలాంటి కాంక్రీటులో 50 కిలోల సిమెంటు బస్తాకు 27 లీటర్లకు మించి నీళ్లు అక్కర్లేదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. సిమెంటు గట్టిపడడానికి ఈ నీళ్లలో కొంత భాగమే సరిపోతుంది, మిగిలినది మాలు కలిసి పారడానికి పనికొస్తుంది. అంతకు మించి పోసిన ప్రతి బకెట్టూ తర్వాత ఆవిరై, కంటికి కనిపించని రంధ్రాలను కాంక్రీటులో వదిలిపోతుంది. పలుచని మాలు చూడడానికి నున్నగా, మోసేవారికి తేలికగా ఉంటుంది కాబట్టే ఈ తప్పు అన్ని ఊళ్లలోనూ జరుగుతున్నది. గోడలో లోపం ఉంటే కనిపిస్తుంది, బాగు చేసుకోవచ్చు. పునాదిని మాత్రం మట్టి కప్పాక ఇంటివాళ్లు మళ్లీ చూడలేరు. అందుకే ఆ ఒక్క పూటా కూలి పోయినా సరే, ఇంట్లో ఒకరు మిల్లర్ దగ్గర బకెట్లు లెక్కపెడుతూ నిలబడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నాయిన ఒక గుప్పెడు మాలు చేతిలోకి తీసుకుని పిసికి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారడం లేదని చూసి తలూపాడు. ఆయన చేతివేళ్ల కొసలు ఇప్పటికీ నున్నగా, గీతలు అరిగిపోయి ఉంటాయి. తడి సిమెంటులోని సున్నపు గుణం చర్మాన్ని కాలుస్తుంది. ఆ రోజు తండా నుంచి వచ్చి తట్టలు అందించిన అక్కాచెల్లెళ్లు ఉత్త కాళ్లతోనే మాలులో నడుస్తుంటే, తమ్ముడు బండి మీద వెళ్లి రబ్బరు బూట్లూ గ్లౌజులూ కొనుక్కొచ్చాడు. ముందు రోజే తేవలసిందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

మర్నాడు తెల్లవారుజామున నాయిన గుంతలోకి దిగి కాంక్రీటు మీద అరచెయ్యి ఆనించి, మనవరాలిని పిలిచి ఆమె చెయ్యి కూడా పెట్టించాడు. గోరువెచ్చగా ఉంది. సిమెంటు ఎండిపోయి గట్టిపడదు. నీటితో కలిసి మార్పు చెందుతూ, వేడిని వదులుతూ గట్టిపడుతుంది. అందుకే దాన్ని తడిగా ఉంచాలి. కనీసం 7 రోజులు, మన పాలమూరు ఎండల్లాంటి వేడిలో 10 రోజులు తడపాలి. దాని బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి విడత లక్ష రూపాయలు వస్తాయి కాబట్టి, ఆ దశ దాటాలన్న తొందరలో తడపకుండానే మట్టి నింపేసేవారు ఉన్నారు. వారి అవసరం నాకు అర్థమవుతుంది. అయినా ఆ పది రోజులు ఆగమనే వారిని వేడుకుంటాను.

మా బోరులో నీళ్లు పొద్దున గంటసేపే వస్తాయి. ఆ గంటలో అమ్మ డ్రమ్ములు నింపితే, నాయిన గోనె సంచులు తడిపి పునాదుల మీద కప్పేవాడు, మధ్యాహ్నం పిల్లలు చెంబులతో పోసేవారు. పదకొండో రోజున గుంతలు పూడ్చారు. పునాదికి పైన, గోడలకు కింద వచ్చే ప్లింత్ బీముకు సలాకలు వంచే పని సోమవారం మొదలవుతుంది. ఆ రోజుకు మిల్లర్ దగ్గర తన కుర్చీ వేసి ఉంచమని నాయిన ఇప్పటికే తమ్ముడికి చెప్పాడు. నమస్కారం.