ఊరు పేరు లేని ఉద్యోగం

శ్రోతలకు నమస్కారం.

మన నల్గొండలో ఎవరైనా "మా బిడ్డకు ఉద్యోగం వచ్చింది" అంటే, ఎదుటివాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఏ ఊర్ల?" జీతం సంగతి ఆ తర్వాత. ఊరు తెలిస్తే బస్సు తెలుస్తుంది, అక్కడ మనవాళ్లెవరున్నారో తెలుస్తుంది, పండుగకు రాగలరో లేదో తెలుస్తుంది.

మా చెల్లె కూతురికి ఉద్యోగం వచ్చినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు లేదు. దేశం తెలుసు, మాల్దీవులు. పని తెలుసు, ఇంగ్లీష్ టీచరు. ఊరు మాత్రం తెలియదు. ఆఫర్ లెటర్‌లో స్కూలు పేరు ఉండాల్సిన చోట ఒక గీత ఉంది. గీత మీద ఏమీ లేదు.

మాల్దీవులంటే మనకు టీవీలో కనిపించే నీలం నీళ్లు, సినిమావాళ్ల హనీమూన్లు. కానీ మన దేశం నుంచి ఎంతోమంది టీచర్లు ఏళ్ల తరబడి అక్కడ పాఠాలు చెబుతున్నారు. అక్కడి స్కూళ్లలో చదువు ఎక్కువగా ఇంగ్లీషులోనే. దేశం మొత్తం సుమారు 1,200 దీవులు, మనుషులు కాపురముండేవి 200 లోపే. ఒక్కో ఊరు ఒక్కో దీవి. కాబట్టి ఊరు తెలియదంటే దీవి తెలియదని, దీవి తెలియదంటే మధ్యలో ఎంత సముద్రం ఉందో తెలియదని అర్థం. రాజధాని మాలేలో పడితే అన్నీ దగ్గర. దక్షిణాన అడ్డూ వైపు పడితే మాలే నుంచి 500 కిలోమీటర్లు పైనే, భూమధ్యరేఖ దాటి అవతల.

మా చెల్లెకు రాత్రిళ్లు నిద్ర లేదు. "అన్నా, ఎక్కడేస్తరో తెల్వకుంట ఆడపిల్లను ఎట్ల పంపుతం?" అని రోజూ ఫోను. నేను పెద్దగా ధైర్యం చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ టెన్షన్ నాకూ తెలుసు. 1998 డీఎస్సీలో సెలెక్ట్ అయినప్పుడు ఖాళీల లిస్టు అంటించిన గోడ దగ్గర నేనూ నిలబడ్డాను. చందంపేట మండలం పడుతుందేమోనని భయం, పడకపోతే ఇంకెక్కడ పడుతుందోనని ఇంకో భయం. చివరికి చందంపేటే పడింది. ఆ తండా పిల్లల దగ్గర నేను నేర్చుకున్న లంబాడీ మాటలు ఇప్పటికీ నోట్లో ఉన్నాయి. అది వేరే కథ, టైం లేదు.

ఇంట్లో అందరికంటే ముందు ఒప్పుకున్నది మా అమ్మ. ఆమెది మర్రిగూడ వైపు. ఆ ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. మెడ ఒక్కటి తిరగదు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మనవరాలిని పిలిచి ఒక్కటే అడిగింది.

"ఏ ఊరన్నా గానీ, నీళ్లెట్లుంటయట బిడ్డా?"

"బాయి నీళ్లు ఉప్పగుంటయట అమ్మమ్మా. చిన్న దీవులల్ల వాన నీళ్లు ట్యాంకులల్ల పట్టుకొని తాగుతరట."

"వాన నీళ్లా? వాన నీళ్లల్ల ఫ్లోరైడు ఉండదు. పోనీయుండ్రి పిల్లని."

అంతే. ఆమె లెక్క తేలిపోయింది.

మా బావది నారాయణపేట వైపు, అసలైన పాలమూరు మనిషి. ఆయన లెటర్ తీసుకుని ఆ గీత మీద వేలు పెట్టాడు. "మా తాతలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, ఏ డ్యామో తెల్వకుంటనే లారెక్కిండ్రు. మేస్త్రీ మొఖం తెలుసు, అందుకని పోయిండ్రు. ఇంతకీ ఈ గీత మీద పేరు రాసేటోడు ఎవడు?"

ఈ పదిహేను నిమిషాల్లో నేను చెప్పాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. గీత మీద పేరు రాసేది ఎవరు?

ఎందుకంటే, విదేశాల్లో ఇంగ్లీష్ చెప్పే ఉద్యోగాల్లో ఊరు ముందే చెప్పకపోవడం మోసమేమీ కాదు. చాలాచోట్ల పద్ధతే అంత. దక్షిణ కొరియా ప్రభుత్వ బడుల్లో టీచర్లను తీసుకునే ఎపిక్ అనే కార్యక్రమం ఉంది. 2010లో అమల్లోకి వచ్చిన రెండు దేశాల ఒప్పందం వల్ల ఇంగ్లీష్ బోధనకు అర్హత పత్రాలున్న మనవాళ్లకూ దాంట్లో అవకాశం వచ్చింది. ఏ నగరం కావాలో, ఏ రాష్ట్రం కావాలో దరఖాస్తులో రాయొచ్చు. రాసినదే ఇస్తామని మాత్రం వాళ్లు ఎక్కడా అనరు. బడిని నిర్ణయించేది అక్కడి ప్రాంతీయ విద్యా కార్యాలయం. చాలామందికి బడి పేరు తెలిసేది ఆ దేశం చేరి, ఓరియంటేషన్ కూడా అయ్యాకే. 1987 నుంచి నడుస్తున్న జపాన్ జెట్ కార్యక్రమంలోనూ ఇదే వరస. ఇష్టాలు అడుగుతారు, హామీ ఇవ్వరు.

కారణం మనకు తెలియనిదేం కాదు. ఇప్పుడున్న టీచరు ఇంకో ఏడాది ఉంటానంటే ఖాళీ లేదు, వెళ్తానంటే ఖాళీ ఉంది. ఆయన ఎటూ తేల్చకుండా ఉంటే ఇక్కడ మనం కూడా అలాగే ఉంటాం. మన దగ్గర ట్రాన్స్‌ఫర్లు తేలేదాకా కొత్తవాళ్లకు పోస్టింగులు తేలవు కదా, అలాగన్నమాట.

ఇక మా కథలోకి వస్తే, ఇక్కడే ఒక ఏజెంటు ప్రవేశించాడు. పేరెందుకు లెండి. "అమ్మా, ఇంకో అరవై వేలు సర్దండి, మాలేలోనే వేయిస్తా, గ్యారంటీ" అన్నాడు. మా చెల్లె అప్పటికే మెడలో గొలుసు మీద చెయ్యి పెట్టింది. పోస్టింగుల సీజన్లో నేను ఇలాంటి గ్యారంటీలు చాలా విన్నాను. అనుకున్న చోటే వస్తే "నేనే చేయించా" అంటారు, రాకపోతే ఫోనెత్తరు. ఇంకో సంగతి కూడా వినండి. మన ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడగడానికి వీల్లేదు. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేడో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మేం చూశాం. ఆయన పేరు లేదు.

అప్పుడు మా మేనకోడలు, ఆఫర్ లెటర్ మీదున్న అడ్రసుకే నేరుగా ఈమెయిల్ పెట్టింది. నాలుగే నాలుగు లైన్లు. నా స్కూలును ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు చెబుతారు, మాలే నుంచి దీవికి ప్రయాణం ఖర్చు ఎవరిది, అక్కడ ఉండటానికి ఇల్లు ఎవరు చూపిస్తారు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. స్కూలును విద్యాశాఖ నిర్ణయిస్తుంది, మాలేలో దిగాక చెబుతాం, ప్రయాణం మాదే, ఇల్లు స్కూలువాళ్లు చూపిస్తారు, అద్దె మాత్రం మీది అని. ఊరు అప్పటికీ తెలియలేదు. కానీ ఆ రాత్రి మా చెల్లె నిద్రపోయింది. ఆ ఈమెయిల్‌ను ప్రింటు తీయించి, పసుపు బొట్టు పెట్టి, దేవుడి పటం వెనక దాచింది.

పిల్లకు పడింది దక్షిణాన హువధు అటోల్‌లో, అంటే ఆ పేరున్న దీవుల గుంపులో, ఒక చిన్న దీవి. మాలే నుంచి చిన్న విమానం, ఆ తర్వాత పడవ. పడవను అక్కడ ధోని అంటారట. మన దోనె లాంటి మాటే కదా! మొదటి ఫోన్లో "మామా, ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పావుగంట, అంతే ఊరు" అని నవ్వింది. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పొద్దున్నే బడి. పిల్లలు వాళ్ల దివేహి భాషను కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఒక పిల్లవాడు ఇంగ్లీష్ నోట్సును కూడా వెనక నుంచి మొదలుపెట్టాడట. ఈమె దిద్దుదామని మామూలుగా తెరిస్తే అన్నీ తెల్లకాగితాలే. హోంవర్కు చేయలేదని వాడిని నిలబెట్టింది. వాడు ఏమీ అనకుండా వచ్చి, పుస్తకాన్ని తిరగేసి ఆమె చేతిలో పెట్టాడట. ఇది చెప్పేటప్పుడు మా పిల్ల గొంతులో సిగ్గు నాకు ఫోన్లోనే వినిపించింది.

ఈ మాటలు వింటున్న మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి ఖాళీ గీత ఉన్న కాగితం ఉండొచ్చు. గీత ఉందని భయపడి చింపేయకండి. ఉన్న ఉద్యోగానికి ఆరోజే రాజీనామా కూడా ఇవ్వకండి. ముందు ఆ నాలుగు లైన్ల ఈమెయిల్ పెట్టండి, ఏజెంటుకు కాదు, లెటర్ ఇచ్చినవాళ్లకు. జవాబు రాతలో రావాలి. ఫోన్లో చెప్పినది లెక్కకు రాదు. మళ్లీ చెబుతున్నాను, రాతలో రావాలి. ఆ జవాబు వచ్చేలోపు సర్టిఫికెట్ల పని మొదలుపెట్టుకోండి. కొరియా లాంటి దేశాలకైతే డిగ్రీకి అపోస్టిల్ ముద్ర, అంటే ఆ సర్టిఫికెట్ విదేశంలో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర కావాలి, ఆ తిరుగుడుకే వారాలు పడుతుంది.

దీవి పేరు తెలిసిన రోజున మా చెల్లె ఆఫర్ లెటర్ జిరాక్స్ ముందేసుకుని, పెన్ను తీసి, ఆ గీత మీద ఊరి పేరు తెలుగులో రాసుకుంది. నోరు తిరగక మూడుసార్లు కొట్టేసింది. నాలుగోసారి బిడ్డకు ఫోన్ చేసి, ఒక్కో అక్షరం అడిగి రాసుకుంది.

నమస్కారం.